సంఘాలు నిలిచిన తీరు

ఉగాదినాడు పచ్చడి తిని పంచాంగ శ్రవణానికి కూర్చున్నప్పుడు మనవారు చెవి ఒగ్గి వినేది ఆదాయ వ్యయాల పట్టిక. ఏ రాశికి రాబడి ఎంత, ఖర్చు ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంటారు. ఆదాయం 2, వ్యయం 14 అని వచ్చినవారు నవ్వుతూనే కొంచెం దిగులు పడతారు. ఆ సాయంత్రమే సంఘం తరఫున సభ జరుగుతుంది. అక్కడ సంఘం ఆదాయ వ్యయాలు చదివే వేళకు సగం కుర్చీలు ఖాళీ. కార్యదర్శిగారు గబగబా చదువుతారు, వెనుక నుంచి ఎవరో "ఆమోదం" అంటారు, పిల్లల నాట్యం మొదలవుతుంది.

పొట్టకూటికోసం ఎల్లలు దాటిన తెలుగువారు చేరిన చోటనల్లా ఒక సంఘం పెట్టారు. అది మన జాతికి గల మంచి గుణం. కాని పెట్టిన సంఘాలలో ముప్పయి నలభై యేండ్లు నిలిచినవి ఎన్ని అని చూస్తే, మేము ఎరిగినంతలో, ఆ లెక్క చిన్నది. డబ్బు చాలకనే పోయినవని సాధారణంగా అనుకుంటారు. మాకు అట్లా తోచదు. పాత కార్యదర్శి ఉద్యోగం మారి ఊరు విడుస్తాడు, లేదా కాలం చేస్తాడు. ప్రభుత్వం చట్టం మారుస్తుంది. చందా ఇచ్చే పెద్దమనిషి చేయి ముడుచుకుంటాడు. ఇటువంటి మార్పు వచ్చి పడిననాడు బరువు ఎత్తుకొనడానికి తయారైన మనుషులు లేకనే సంఘాలు మూతపడుతున్నవి.

ఆ తయారీ ఎట్లా చేస్తారో చూడడానికి మనం దూరం పోనక్కరలేదు. హోసూరు, కృష్ణగిరి సీమలలో గడచిన యాభై యేండ్లకు మించి సేవాసంఘాలు నడచిన చరిత్ర మన కళ్ళముందే ఉన్నది. అందులో తెలుగు ఆడవారి పాలు కూడా తక్కువది కాదు.

ముందు ఈ సీమను గురించి నాలుగు మాటలు. హోసూరు చంద్రచూడేశ్వరుని కొండ ఎక్కి చూస్తే కనిపించే నేలకు ఇన్ని ఏలుబడులు మారినవంటే నమ్మశక్యం కాదు. 1792లో శ్రీరంగపట్నం సంధి మూలంగా టిప్పు సుల్తాను బారామహలును కుంఫిణీవారికి వదిలిపెట్టినాడు. కృష్ణగిరి అప్పుడే చేతులు మారినది. 1799లో టిప్పు పతనమైన తరువాత హోసూరు వైపు కూడా వారికి చిక్కినది. ఆ పిమ్మట చాలాకాలం సేలం జిల్లా. 1956 నవంబరు 1న భాషారాష్ట్రాలు ఏర్పడినప్పుడు, తెలుగు, కన్నడం, తమిళం మూడూ కలిసి మాటలాడే ఈ తాలూకాలు మద్రాసు రాష్ట్రంలో నిలిచినవి. 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడిపోయి ధర్మపురి జిల్లా ఏర్పడినది. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి విడిపోయి కృష్ణగిరి జిల్లా ఏర్పడినది. ఊరు కదలలేదు, పొలం కదలలేదు, కాగితం మీద చిరునామా మాత్రం తరానికొకటి.

ఇక్కడ ఒక చిన్న విశేషం చెప్పాలి. మన రాయలసీమవారు ఈనాటికీ పేరు మరవని థామస్ మన్రో పని నేర్చినది ఈ బారామహలులోనే. 1792 నుంచి 1799 వరకు అలెగ్జాండర్ రీడ్ అనే అధికారి క్రింద సహాయకుడుగా ఉండి ఊరూరు తిరిగి పొలాలు కొలిపించి శిస్తులు కట్టించినాడు. రైతుకూ సర్కారుకూ నడుమ జమీందారు లేని పద్ధతి ఇక్కడ మొలకెత్తినది. 1800లో దత్తమండలాలకు వెళ్ళేసరికి మన్రో చేతిలో ఏడేండ్ల అనుభవం ఉన్నది. రీడ్ పేరు ఎంతమందికి తెలుసు? నేర్పినవాడు మరుగున పడి, నేర్చినవాని చేతిలో పని కొనసాగినది. పరాయి ప్రభుత్వం పన్ను వసూలుకోసం చేసిన పనే అయినా, తరువాతివానిని తయారు చేయడంలో వారికి గల శ్రద్ధ మన సంఘాలకు ఉంటే బాగుండునని అనిపిస్తుంది.

ఈ నేలనే, హోసూరుకు దగ్గరలోని తొరపల్లిలో, 1878లో పుట్టిన రాజగోపాలాచారిగారు 1925లో తిరుచెంగోడు దగ్గర పుదుపాళయంలో గాంధీ ఆశ్రమం స్థాపించారు. ఖద్దరు, మద్యనిషేధం, అంటరానితనం నిర్మూలన అక్కడి పనులు. ఆయన 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహానికి కదిలిపోయారు, తరువాత జైలుకు పోయారు, 1937లో మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు, చివరకు ఢిల్లీకి పోయి గవర్నరు జనరలు కూడా అయ్యారు. ఆశ్రమం మాత్రం ఖద్దరు నేయిస్తూ ఉన్నచోటనే ఉన్నది. స్థాపకుడు ఎన్నిసార్లు లేచిపోయినా పని ఆగని సంస్థకు ఈ ప్రాంతంలో ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

ఇక అసలు కథ. హోసూరు అంటే ఈనాడు మనకు ఫ్యాక్టరీలు గుర్తుకు వస్తాయి. 1980 ప్రాంతంలో మోపెడ్ల ఫ్యాక్టరీ, లారీల ఫ్యాక్టరీ వచ్చినవి, ఆ దశకం చివరకు టైటాన్ గడియారాలు వచ్చినవి. చిత్తూరు, అనంతపురం, కడప మొదలు కృష్ణా, గోదావరుల వరకు గల ఊళ్ళనుంచి మనవాళ్ళు వచ్చి కాపురాలు పెట్టినది ఆ తరువాతనే. అంతకు మునుపు ఇది రాగిచేలు, మామిడితోపులు, వాన కురియకపోతే బెంగళూరు బాట పట్టే కూలిజనం గల సీమ. తళి, అంచెట్టి, వేపనపల్లి వైపు గ్రామాలలో అప్పు కావలసివస్తే వడ్డీ వ్యాపారి తప్ప గతి లేదు. బ్యాంకు గడప తొక్కిన ఆడమనిషి అరుదు.

అంచెట్టి ఆవల నాట్రాంపాళయం అనే గ్రామం ఉన్నది. కుళందై ఫ్రాన్సిస్ అనే యువకుడు అక్కడ పని మొదలుపెట్టి, 1979లో సమగ్ర గ్రామాభివృద్ధి పథకం అనే పేరుతో ఒక సంస్థ పెట్టారు. ఆంగ్ల పొడి అక్షరాలతో ఐ.వి.డి.పి. అంటారు. మొదట రాత్రిబడి, ప్రథమ చికిత్స వంటి చిన్న పనులు. తరువాత నీటి కరువు చూచి వాగులకు అడ్డంగా చిన్న చిన్న ఆనకట్టలు కట్టించడం ఆరంభించారు. ఇరవై రెండేండ్లలో 60 గ్రామాలలో 331 కట్టలు కట్టించారు. అదొక్కటే చేసి ఊరుకున్నా మంచి పేరే మిగిలేది. కాని కట్ట కట్టడానికి బయటివారి సొమ్ము కావాలి. ఆ సొమ్ము ఆగిననాడు పని ఆగుతుంది. 1989లో ఆయన ఆడవారి పొదుపు సంఘాల వైపు తిరిగారు. 2012లో రామన్ మెగసెసే బహుమతి వచ్చేనాటికి కృష్ణగిరిలోనూ పొరుగు జిల్లాలలోనూ 8,000కు పైగా సంఘాలు, లక్షన్నర మందికి పైగా సభ్యురాండ్రు ఆ సంస్థ నీడన ఉన్నారు. మన తెలుగు దేశంలో బాలకార్మికులను బడికి చేర్చిన శాంతా సిన్హాగారికి అదే బహుమతి 2003లో వచ్చినది. ఆ పేరు మనవారందరికీ తెలుసు. కృష్ణగిరి పేరు మాత్రం హోసూరులో ఉన్న మనకే సరిగా తెలియదు.

ఆనకట్టలు కట్టే సంస్థ పొదుపు సంఘాల సంస్థగా మారడం మాటలలో చెప్పినంత తేలిక కాదు. రాళ్ళు, సిమెంటు ఎరిగిన మనుషులు పద్దుల పుస్తకం ఎరగాలి. ఊరి పెద్దతో మాట్లాడడం అలవాటైనవారు ఊరి కోడలితో మాట్లాడడం నేర్వాలి. సంస్థ పేరు మారలేదు గాని లోపలి మనిషి మారవలసి వచ్చినది.

రెండవ కథ మైరాడాది. ఇది 1968లో, నాటి మైసూరు రాష్ట్రంలో, టిబెట్టు నుంచి వచ్చిన శరణార్థులకు నిలువ నీడ కల్పించడానికి పుట్టిన సంస్థ. శరణార్థులు స్థిరపడినారు. పుట్టిన పని తీరిపోయిన సంస్థ ఏమి చేయాలి? తలుపులు మూయాలి, లేదా కొత్త పని వెతుక్కోవాలి. మైరాడా గ్రామాల బీదల వైపు తిరిగినది. మొదట పెద్ద పెద్ద సహకార సంఘాలు పెట్టించినది. అక్కడ దెబ్బ తిన్నది.

ఆ దెబ్బ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోదగినది. 1984, 85 ప్రాంతాలలో ఆ సహకార సంఘాలు కొన్ని విరిగినవి. అధ్యక్షుల మీద సభ్యులకు నమ్మకం పోయినది. ఎవరు ఎంత తీసుకున్నారో, ఎంత కట్టినారో సభ్యులకు తెలియదు. విరిగిన సంఘాల సభ్యులు చిన్న చిన్న గుంపులుగా మైరాడావారి దగ్గరకు వచ్చి, మేము బాకీ ఎగవేసేవారము కాము, కాని ఆ సంఘానికి కట్టము, మీకే కడతాము అన్నారట. సంస్థవారు కొంచెం ఆలోచించి, మాకెందుకు, మీ గుంపుకే కట్టుకొని మీలో మీరే అప్పులు ఇచ్చుకోరాదా అన్నారు. అక్కడ పుట్టినది చిన్న సంఘం. 1986, 87 నాటికి అటువంటివి 300 దాకా అయినవి. 1987లో నాబార్డు బ్యాంకు ఈ ప్రయోగానికి 10 లక్షల రూపాయలు గ్రాంటుగా ఇచ్చినది. 1992లో ఆ బ్యాంకే దేశం మొత్తం మీద 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయత్నం మొదలుపెట్టినది. ఈనాడు ఊరూరా కనిపించే స్వయం సహాయక సంఘానికి విరిగిపోయిన సహకార సంఘం తల్లి అన్నమాట.

ఈ రెండు సంస్థల పని సాగుతుండగానే 1989లో తమిళనాడు ప్రభుత్వం, ఐక్యరాజ్య సమితికి చెందిన వ్యవసాయాభివృద్ధి నిధి సాయంతో, మహిళాభివృద్ధి పథకం ప్రారంభించినది. దానికి మొదట ఎంచుకున్న జిల్లా నాటి ఉమ్మడి ధర్మపురి జిల్లా. అంటే మన హోసూరు, డెంకణికోట, కృష్ణగిరి తాలూకాలన్నీ అందులోవే. తరువాత అది ఇతర జిల్లాలకు పాకి, 1997లో మహళిర్ తిట్టం అనే పేరుతో రాష్ట్రమంతటికీ వచ్చినది. రాష్ట్రానికి దారి చూపినది ఈ కరువు జిల్లా. బాగలూరు, బేరికై, శూళగిరి వైపు తెలుగు ఇండ్లలోని అత్తలూ కోడండ్లూ అప్పుడే చాపలు పరుచుకొని వలయంగా కూర్చున్నారు. సర్కారు కాగితంలో దాని పేరు కుళు. మనవారి నోట అది సంగం.

ఇప్పుడు శిక్షణ మాట. మొదట సంఘానికి 12 మంది నుంచి 20 మంది వరకు మాత్రమే. ఇరవై దాటకపోవడానికి చట్టపు కారణం కూడా ఉన్నది. 1956 నాటి కంపెనీల చట్టం ప్రకారం అంతకు మించినవారు లాభం వచ్చే పనికి చేరితే రిజిస్టరు చేయించవలసి ఉండేది. కాని చట్టం కంటె పెద్ద కారణం, ఇరవై మంది ఒకరి ముఖం ఒకరు చూచుకొని మాట్లాడగలరు. వంద మంది అయితే ఒకడు మాట్లాడుతాడు, తక్కినవారు వింటారు.

శాశ్వతమైన అధ్యక్షురాలు ఉండరాదని మైరాడావారి పట్టుదల. వారం వారం సమావేశాన్ని ఒక్కొక్కరు వంతున నడపాలి. డబ్బు పెట్టె ఒకరి ఇంట్లో, తాళంచెవి మరొకరి ఇంట్లో. ఆలస్యంగా వచ్చినవారికి జరిమానా, అది సంఘం పెద్దకైనా సరే. బ్యాంకులో సంతకం పెట్టే ప్రతినిధులను కొంతకాలానికి మార్చాలి. సమావేశం నడపడం, నియమాలు వ్రాసుకోవడం, పద్దులు, తగవు తీర్చుకోవడం, నాయకత్వం, తమ్ము తామే పరీక్షించుకోవడం, ఇవన్నీ పాఠాలుగా చెప్పారు. ప్రభుత్వ పథకంలో నిర్వాహకులకు వేరుగా, సభ్యులందరికీ వేరుగా తరగతులు పెట్టారు. సభ్యులందరికీ అన్న మాట గమనించవలసినది. నాయకునికి ఒక్కనికే శిక్షణ ఇస్తే అతడు ఇంకా పెద్ద నాయకుడవుతాడు, సంఘం ఇంకా చిన్నదవుతుంది.

వీటన్నిటిలో మాకు అన్నిటికంటె విలువైనదిగా తోచినది వేరొకటి. మన ఇండ్లలో పెద్దలను లెక్క అడగడం తప్పు. పెద్దమ్మ దగ్గర డబ్బు ఉంచితే, "ఎంత ఉన్నది పెద్దమ్మా?" అని అడిగిన చిన్నదానిని ఇంటిల్లిపాదీ కోప్పడతారు. అడగడమంటే నమ్మకం లేదని అర్థం. ఈ మర్యాద మంచిదే. కాని సంఘంలో ఇదే మర్యాద విషం. అడగలేక అడగలేక, ఒకనాడు అనుమానం పెరిగి పెద్దదై, అడిగిననాడు సంఘం రెండు ముక్కలవుతుంది. పొదుపు సంఘాల శిక్షణ ఈ చిక్కును చాకచక్యంగా విప్పినది. ప్రతి సమావేశంలో పాట అయిన తరువాత, హాజరు అయిన తరువాత, డబ్బు లెక్కపెట్టి పైకి చదవడం ఒక అంశం. ఎవరూ అడగనక్కరలేదు, వంతు ప్రకారం అదే వస్తుంది. అడిగినవారు లేరు గనుక కోపం తెచ్చుకునేవారూ లేరు. పెద్దమ్మ పెద్దమ్మగానే ఉన్నది, లెక్క లెక్కగానే ఉన్నది.

ఈ అలవాటు పడిన తరువాతనే మార్పులు ఓర్చుకునే శక్తి వచ్చినదని మా నమ్మకం. డబ్బు ఎంత, ఎవరి దగ్గర, నియమం ఏమిటి అన్నది పదునెనిమిది మందికి తెలిసిన సంఘంలో ఒకరు పోతే పదునేడుగురు మిగులుతారు. ఒక్కరికే తెలిసిన సంఘంలో ఆ ఒక్కరు పోతే ఏమీ మిగలదు.

మార్పులు రానే వచ్చినవి. 2004లో జిల్లా రెండయినది. ధర్మపురికి పోవలసిన కాగితం కృష్ణగిరికి పోవలసి వచ్చినది. ఆఫీసర్లు మారినారు. దాని కంటె గట్టి పరీక్ష, అండగా ఉన్న సంస్థ మెల్లగా ప్రక్కకు తొలగడం. మైరాడావారు మొదటినుంచి ఎప్పటికైనా తాము వెనుకకు పోవలసినవారమే అని చెబుతూ వచ్చారు. కొంతకాలానికి సంఘాలే చందాలు వేసుకొని నడుపుకునే వనరుల కేంద్రాలను ఏర్పరచి, ఆడిటు, శిక్షణ వంటి పనులు వాటికి అప్పగించారు. వచ్చిననాడే వెళ్ళేనాటి సంగతి చెప్పడం మన పెద్దమనుషులకు చేతకాని పని. ఎవరైనా నోరు విప్పితే అపశకునం పలికినట్లు చూస్తారు.

అంతటితో ఆగక కొన్ని సంఘాల ఆడవారు హోసూరు దగ్గర ఒక కంపెనీయే పెట్టుకున్నారు. మెడో అని పేరు. టైటాన్ గడియారాల పట్టీల కూర్పు వంటి పని తీసుకొని చేశారు. రాగి చేలో కలుపు తీసిన చేతులు సన్నని లింకులు కూర్చినవి. సంఘం కంపెనీ అయినప్పుడు అక్కచెల్లెండ్ల వరస చాలదు. నాణ్యం తప్పిన సరుకు తిరిగి వస్తుంది, గడువు తప్పితే ఊరుకోరు, జీతం, లాభం వేరు వేరు మాటలు. అయినా డైరెక్టర్లుగా కూర్చున్నది సంఘాలనుంచి వచ్చిన ఆడవారే. వలయంలో వంతు ప్రకారం సభ నడిపి ఉండకపోతే ఆ కుర్చీలో కూర్చునే ధైర్యం వచ్చి ఉండునా అని మాకు సందేహం.

అన్ని సంఘాలూ నిలిచినవని మేము అనడం లేదు. అప్పుకోసం మాత్రమే చేరి, అప్పు తీరగానే చెదరినవి కలవు. ఎన్నికల ముందు పుట్టి, ఎన్నికల తరువాత మాయమైనవీ కలవు. సరిహద్దుకు ఆవల మన ఆంధ్రదేశంలో కథ ఇంకొక దారిన నడిచినది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవారు సారా వ్యతిరేకోద్యమం లేపినది 1991, 92లలో. ఆ ఊపులోనే అక్కడ పొదుపు సంఘాలు వెల్లివిరిసినవి. కాని తరువాత ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు ఊళ్ళలోకి జొరబడి, ఒకే ఇంటికి మూడు నాలుగు చోట్ల అప్పులిచ్చి, వసూలుకు ఇంటిముందు కూర్చోవడం మొదలుపెట్టినవి. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి అడ్డుకట్ట వేయవలసి వచ్చినది. వలయంగా కూర్చోవడం రెండు చోట్లా ఒకటే. తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నది అన్నదే తేడా. బంగ్లాదేశంలో గ్రామీణ బ్యాంకు స్థాపకుడు యూనస్ గారిని 2011లో పదవినుంచి తొలగించినప్పుడు లోకమంతా ఆ బ్యాంకు కూలుతుందేమో అనుకున్నది. కూలలేదు. అక్కడ కూడా వారం వారం జరిగే సమావేశాలు ఒక మనిషిని ఆశ్రయించుకొని లేవు.

2020 మార్చి 25న దేశమంతటా తలుపులు మూతపడినప్పుడు ఈ పద్ధతికే గొడ్డలిపెట్టు తగిలినది. వారం వారం కూర్చోవడమే ప్రాణమైన సంఘం కూర్చోరాదంటే ఏమి చేస్తుంది? కూలి లేదు, పొదుపు లేదు. వాయిదాలకు రిజర్వు బ్యాంకు ఆగస్టు 31 వరకు వ్యవధి ఇచ్చినది. వ్యవధి అంటే మాఫీ కాదని, వడ్డీ పెరుగుతూనే ఉంటుందని సభ్యులకు వివరించి చెప్పవలసినవారు సంఘంలోనే ఉండాలి. పద్దుల తరగతికి పోయినవారు ఉన్న చోట ఆ మాట చెప్పగలిగినవారు ఉన్నారు.

ఇక మన సంగతి. మన తెలుగు సంఘాలకు ఈ సీమలో ఎదురైన పెద్ద మార్పు 2006 నాటి తమిళ అభ్యసన చట్టం. 2006, 07 విద్యా సంవత్సరంలో ఒకటవ తరగతితో మొదలై, ఏటేటా ఒక తరగతి పైకి పాకుతూ, 2015, 16లో పదవ తరగతికి చేరినది. తెలుగు, కన్నడం, ఉర్దూ మొదటి భాషగా చదివే పిల్లలు పదవ తరగతిలో తమిళ పరీక్ష వ్రాయవలసి వచ్చినది. తమిళం నేర్చుకోవడంలో తప్పు లేదు. ఈ నేల అన్నం తినేవాడికి ఈ నేల భాష రావాలి. కాని సొంత భాష బడినుంచి జారిపోవడం వేరు మాట. భాషా అల్పసంఖ్యాకుల తరఫున కోర్టులకు వెళ్ళారు. 2016లో మద్రాసు హైకోర్టు ఆ ఏటి పిల్లలకు మినహాయింపు ఇచ్చినది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరొక ఏడాదికి పొడిగించినది. ఏడాదికి ఏడాది వాయిదా మీద బ్రతుకు.

అంతవరకు ఉగాదికి నాటకం, శ్రీరామనవమికి పానకం, సంక్రాంతికి ముగ్గుల పోటీ, ఇంతే మన సంఘాల పని. ఒక్కసారిగా అర్జీలు వ్రాయాలి, తల్లిదండ్రులను కూడగట్టాలి, వకీలుతో మాట్లాడాలి, సాయంత్రం పిల్లలకు అక్షరాలు దిద్దించాలి. నాటకానికి రంగు వేసుకున్నవారు వేరు, అర్జీ వ్రాయగలవారు వేరు. ఆనకట్టల సంస్థ పొదుపు సంస్థగా మారినప్పుడు ఎదురైనదే ఇది. కాని ఆ సంస్థలు తమ మనుషులను కూర్చోబెట్టి నేర్పించినవి. మన సంఘాలలో ఎవరు ముందుకు వస్తే వారి మీద పడవేసి, చేయలేకపోతే నిష్ఠూరమాడినాము.

మాకు తెలిసిన ఒక తెలుగు సంఘంలో, పేరు ఇక్కడ అక్కరలేదు, ఇరవై యేండ్లకు పైగా ఒక్కరే కార్యదర్శి. నిజాయితీపరులు. సంఘం సొమ్ము దమ్మిడీ ముట్టలేదు. బస్సు ఖర్చు కూడా సొంత జేబులోనుంచే పెట్టుకున్నారు. ఆయన పోయిన తరువాత బీరువా తెరిస్తే రశీదు పుస్తకాలు, సభ్యుల పట్టీ, బ్యాంకు కాగితాలు అన్నీ ఉన్నవి. ఏది ఎందుకో చెప్పగలవారు మాత్రం లేరు. రిజిస్ట్రారు ఆఫీసుకు ఏటా పంపవలసిన లెక్కలు ఏ రూపంలో పంపేవారో ఎవరికీ తెలియదు. తమిళనాడులో 1975 నాటి సంఘాల చట్టం క్రింద సర్వసభ్య సమావేశం జరపడం, లెక్కలు దాఖలు చేయడం తప్పనిసరి. దాఖలు లేక, రెండేండ్లు ఉగాది జరగక, ఆ సంఘం దాదాపు ఆరిపోయి, ఎవరో నలుగురు యువకులు పూనుకోగా తిరిగి లేచినది. అంత మంచి మనిషి చేతిలో కూడా ఇంతపని అయినదంటే లోపం మనిషిది కాదు. ఆయన ప్రక్కన ఎవరినీ కూర్చోబెట్టని తక్కిన సభ్యులందరిదీ.

గ్రామాల సంఘాలలో కూడా సరిగ్గా ఇటువంటి బలహీనత ఒకటి ఉన్నది. దానిని దాచి పొగడడం మాకు ఇష్టం లేదు. సంఘంలో మాటలన్నీ తెలుగులోనో కన్నడంలోనో సాగుతాయి. పుస్తకం మాత్రం తమిళంలో ఉండాలి, లేకపోతే ఆఫీసులో చెల్లదు. తమిళం వ్రాయగలది సాధారణంగా బడికి పోయిన చిన్నపిల్ల ఒకతె. ఆమెకు పెండ్లి అయి అత్తవారింటికి పోతే పుస్తకం ఆగిపోతుంది. శిక్షకులు దీనిని కనిపెట్టి, వ్రాసేవారు ఎప్పుడూ ఇద్దరు ఉండాలనీ, చదవలేనివారు కూడా అంకెలు గుర్తుపట్టడం నేర్వాలనీ పట్టుపట్టారు. అంకెలు వస్తే చాలు, మోసం పట్టుబడుతుంది. అక్షరాలు తరువాత మెల్లగా వస్తాయి.

మన సంఘాలలో ఈ కథ తిరగబడి ఉన్నది. మన మినిట్సు పుస్తకాలు తెలుగులో ఉన్నవి. వ్రాసేవారు యాభై దాటినవారు. హోసూరులో పుట్టి పెరిగిన మన పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడుతారు, తమిళమూ ఇంగ్లీషూ వ్రాస్తారు, తెలుగు లిపి చాలామందికి రాదు. ఇంకొక ఇరవై యేండ్లకు మన తీర్మానాలు మన పిల్లలే చదవలేని రోజు రావచ్చు. అందుకని ఇంగ్లీషులో వ్రాద్దామని కొందరు అంటున్నారు. ఆఫీసుకు పంపేదానికి ఏ భాష కావాలంటే ఆ భాషలో ప్రతి తీయవచ్చు. అసలు పుస్తకం తెలుగులోనే ఉండాలని మేమంటాము. కార్యదర్శి ప్రక్కన ఇద్దరు పిల్లలను, పదునారేండ్లు దాటినవారిని, ప్రతి సమావేశంలోనూ కూర్చోబెట్టి, వంతు ప్రకారం వారి చేతనే వ్రాయించాలి. తప్పులు పోతాయి. ఒత్తులు జారిపోతాయి. ఆ సమావేశంలోనే ఆదాయ వ్యయాలు పైకి చదివించి, కుర్చీలు ఖాళీ కాకముందే, పులిహోర పంచకముందే, ఆ పిల్లల చేతనే సంతకం పెట్టించాలి.